బ్రేకు మీంచి తీసిన కాలు

మా పెద్దమ్మ డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పుతుంది. నేర్పే కారులో ఆమె కూర్చునే వైపు కూడా ఒక బ్రేకు ఉంటుంది. ఏళ్ల తరబడి దాన్ని తొక్కీ తొక్కీ, బస్సెక్కినా, సినిమాహాల్లో కూర్చున్నా ఆమె కుడికాలు నేలను అదుముతూనే ఉంటుంది. పెదనాన్న గురక పెట్టినా ఆ కాలు ఊరుకోదని మా అమ్మ నవ్వేది.

అమ్మ నవ్వడం మానేసి ఏడాది దాటింది. కుట్టిన బట్టలు ఇవ్వడానికి సైకిలు మీద వెళుతుంటే ఒక కారు గుద్దింది. మిషను తొక్కే కాలు మోకాలి దగ్గర బిగుసుకుపోయింది. గుద్దే ముందు అమ్మ ఆ కారు నడిపేవాడి మొహం చూసింది. తల వంచి, దారి చూపించే తెర మీద వేలితో ఏదో జరుపుతున్నాడట. లైసెన్సు ఆఫీసు విచారణలో మాత్రం తను రోడ్డే చూస్తున్నాననీ, సైకిలే హఠాత్తుగా అడ్డం వచ్చిందనీ చెప్పాడు. అతని మాటే నెగ్గింది. వెనక బెంచీ మీద కూర్చున్న పెద్దమ్మ ఇంటికొచ్చి, వాడి నోటితోనే నిజం కక్కిస్తానంది.

వెతకబోయిన తీగ కాలికే తగిలింది. అతను మళ్లీ ఎవరిదో గేటు గుద్దాడు. లైసెన్సు ఆఫీసువాళ్లు ఈసారి లైసెన్సు ఆపి, మళ్లీ నేర్చుకుని టీచరు సంతకంతో రమ్మని పెద్దమ్మ దగ్గరికే పంపారు. అతను ఆమెను గుర్తుపట్టలేదు. ఆమె చెప్పనూ లేదు. కొన్నాళ్లు చిరునవ్వుతో నేర్పింది. తప్పు చేసిన ప్రతిసారీ తనే బ్రేకు వేసింది. నేర్చుకునేవాళ్లు చివరికి తమ కాలి కంటే ఆమె కాలినే నమ్ముకుంటారు. ఆమెకు కావలసింది అదే.

ఒక ఉదయం ఖాళీ మైదానం మధ్యలో వంకరపోయిన అమ్మ సైకిలును ఒక డ్రమ్ముకు ఆనించి నిలబెట్టింది. అమ్మను గట్టున ఉన్న బెంచీ మీద కూర్చోబెట్టింది. కారు నెమ్మదిగా కదిలాక, తెరలో రైల్వేస్టేషనుకు దారి పెట్టమంది.

"నడుపుతూనా మేడమ్?"

"రోజూ ఎలా పెడతారో అలాగే."

అతను తల వంచాడు. పెద్దమ్మ రెండు కాళ్లూ మడిచి సీటు మీద పెట్టుకుంది. డ్రమ్ము దొర్లింది. సైకిలు కారు కిందికి పోయింది.

"మీరు బ్రేకు వేస్తారనుకున్నాను," అన్నాడు అతను.

"ఆ రోజు ఎవరు వేస్తారనుకున్నావ్ బాబూ?"

అతను సైకిలు వంక చూశాడు. తరవాత బెంచీ వైపు, అక్కడ ఆనించి ఉన్న చేతికర్ర వైపు చూశాడు. దిగి వెళ్లి, ఆ రోజు తెరే చూస్తున్నానండీ అని అమ్మతో చెప్పాడు. నాకు తెలుసంది అమ్మ.

పెద్దమ్మకు అది సరిపోలేదు. ఆ మాట లైసెన్సు ఆఫీసులో చెప్పి రమ్మంది. చెబితే సంతకం పెడతాననీ, చెప్పకపోతే తన సంతకం కోసం తిరిగి తిరిగి అతని జుట్టు నెరిసిపోతుందనీ చెప్పింది. మర్నాటి నుంచి అతన్ని మొదటి పాఠంలో కూర్చోబెట్టింది. ఇంజను ఆపేసి, రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టి, ఎదుటి గోడను చూడడమే పని. పక్కన కూర్చుని ఆమె కూడా అదే గోడను చూసేది. అలా గోడ చూసీ చూసీ, చివరికి అతను వెళ్లి చెప్పాడు. పెద్దమ్మ అన్న మాట ప్రకారం సంతకం పెట్టింది. విచారణలో అబద్ధమాడినందుకు ఆఫీసువాళ్లు లైసెన్సే రద్దు చేశారు. చేస్తారని ఆమెకు ముందే తెలుసు.

ఇప్పుడతను బస్సులో తిరుగుతున్నాడు. బస్ స్టాపులో కనిపిస్తే చాలు, పెద్దమ్మ నేర్చుకునేవాళ్లతో కారు నెమ్మది చేయించి, గట్టిగా ఒక హారన్ కొట్టిస్తుంది. అతను తల దించుకుంటాడు.

"ఇంక చాల్లే అక్కా," అంది అమ్మ మొన్న.

"నీకు చాలేమో," అంది పెద్దమ్మ.