అరికాళ్ల అబద్ధం

మా అమ్మాయి నేవీ ట్రైనింగ్‌కి బయలుదేరిన రోజు స్టేషన్‌కి పద్నాలుగు మందిమి వెళ్లాం. మల్కాపురంలో మా వీధి నుంచి యూనిఫాం వేసుకోబోయే మొదటి ఆడపిల్ల అది. పాస్టరు గారు ప్లాట్‌ఫాం మీదే దాని తలమీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. అందరూ కళ్లు మూసుకున్నారు. నేను మూసుకోలేదు. మమ్మల్ని ఎవరెవరు చూస్తున్నారో చూసుకుంటూ నిలబడ్డాను.

నేను పోర్టులో క్రేన్ ఆపరేటర్ని. మర్నాటి నుంచి డ్యూటీలో నా మాటలన్నీ దాని గురించే.

"పోలికలెక్కడికి పోతాయి బావా. నీకు మెడికల్లో పోయింది గానీ, నేకపోతే నువ్వూ మిలట్రీవోడివే కదా" అన్నాడు తోటి ఆపరేటరు. నేను అవునన్నట్టు తలాడించాను.

అది అబద్ధమని నాకొక్కడికే తెలుసు. పంతొమ్మిదేళ్లప్పుడు నేను ఆర్మీకి సెలెక్టయ్యాను. ట్రైనింగ్ ఎక్కడో ఉత్తరాన. చీకటితో లేపి పరుగెత్తించేవాళ్లు. హిందీ అర్థమయ్యేది కాదు, అర్థం కానందుకు ఇంకో శిక్ష. ఆ చలికి చేతులు బిగుసుకుపోయి బొత్తాలు పెట్టుకోలేక ఏడ్చేవాణ్ణి. ఉండలేనని కాగితం మీద రాసిచ్చి వచ్చేశాను. ఇంట్లో మాత్రం, అక్కడ మళ్లీ మెడికల్ చేశారనీ, అరికాళ్లు చదునుగా ఉన్నాయని పంపేశారనీ చెప్పాను. మా అమ్మ నా పాదాలు ఒళ్లో పెట్టుకుని, తడిమి చూసి ఏడ్చింది. నా భార్య మా మేనమామ కూతురే. అప్పటికి చిన్నపిల్ల. నాకు మెడికల్లో పోయిందన్న మాట వింటూనే పెరిగింది.

ట్రైనింగ్‌లో పిల్లల ఫోన్లు తీసి దాచేస్తారు. ఆదివారం మధ్యాహ్నం కాసేపు ఇస్తారు. ఆ కాసేపటి కోసం నా భార్య వారమంతా బతికేది. అమ్మాయిని అక్కడ ఎన్నింటికి లేపుతారో కనుక్కుని, ఇక్కడ తనూ అదే వేళకి లేచి కూర్చునేది. "ఈపాటికి అదీ లేసుంటాది" అనేది. నేను అటు తిరిగి పడుకునేవాణ్ణి.

మూడో ఆదివారం గాజువాకలో బంధువుల ఇంట పిల్లాడి పుట్టినరోజు. చర్చి వాళ్లూ, మా డ్యూటీ వాళ్లూ అందరూ వచ్చారు. నా భార్య లోపల ఆడవాళ్లతో ఉంది. ఫోను నాకొచ్చింది. పక్కకి వెళ్లి ఎత్తాను.

"నానా, నాను ఉండలేకపోతన్నాను" అంది అమ్మాయి. ఏడుస్తోంది. "కాలు నొప్పెడతంది. పరిగెడతంటే పొడిసినట్టుంటంది. వచ్చీమంటావా?"

నేను హాలు వైపు చూశాను. స్టేషన్‌కి వచ్చినవాళ్లలో సగం మంది అక్కడే ఉన్నారు.

"కాలునొప్పి అందరికీ ఉంటాది. నిన్ను సాగనంపినోలందరికీ నాను ఏ మొకం సూపించాల? మనింట్లో మద్దెలో ఒగ్గేసొచ్చినోలు ఎవులూ నేరు" అన్నాను.

"సరే నానా" అని పెట్టేసింది.

వెళ్లి బంతిలో కూర్చున్నాను. నా భార్య చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, "అదేనా? ఏటంది?" అని అడిగింది.

"బాగున్నాదంట. వచ్చేవారం నీకు సేత్తానంది" అని చెప్పి, ఆమె ఎదురుగానే బిర్యానీ తిన్నాను. ఇంకోసారి వడ్డించుకున్నాను కూడా.

తర్వాత రెండు ఆదివారాలూ అమ్మాయి వాళ్లమ్మతోనే మాట్లాడింది. అంతా బాగుందని చెప్పింది. నాన్నకి ఇమ్మని అడగలేదు. నాకు బాధ కలగలేదు. సర్దుకుందనుకున్నాను, నా మాట పనిచేసిందని లోలోపల గర్వపడ్డాను కూడా. అది రాయడానికే ఇప్పుడు సిగ్గుగా ఉంది.

ఆ రెండో ఆదివారం దాటిన వారంలోనే ట్రైనింగ్ సెంటర్ నుంచి ఫోనొచ్చింది. పరుగెత్తుతూ పడిపోయింది. మోకాలి కింద ఎముకలో సన్నటి పగులు. ఆసుపత్రిలో ఉంచారు, తగ్గాక తర్వాతి బ్యాచ్‌లో కలుపుతారు. మాట్లాడినాయన మర్యాదస్తుడు. "నొప్పి రెండు వారాల పైనుంచీ ఉందట. ఎందుకు చెప్పలేదని అడిగితే జవాబివ్వడం లేదు" అన్నాడు. ఆ జవాబు నా దగ్గరుంది.

ఇంటికెళ్లేసరికి నా భార్య గుమ్మంలో గోంగూర వలుస్తోంది. కాలి సంగతి చెప్పాను. ఆ ఆదివారం అమ్మాయి ఏమన్నదో, నేనేమన్నానో చెప్పాను. చెప్పాక ఆగలేకపోయాను, నా ట్రైనింగ్ సంగతి కూడా చెప్పేశాను.

ఆమె చేతిలో కాడ అలాగే ఉండిపోయింది.

"నువ్వు ఒగ్గేసొచ్చినందుకు నాకేటీ నేదు బావా. పిల్ల ఏడిసిందని నాకు సెప్పకుండా, నా ఎదర కూకొని తిన్నావు" అంది.

రెండు రోజులు నాతో మాట్లాడలేదు. అన్నం పెట్టేది, నీళ్లు పెట్టేది, నా వైపు చూసేది కాదు. ఆదివారం ఫోన్ రాగానే తను ఎత్తి, కాలెలా ఉందో అడిగి, ఫోన్ నా చేతిలో పెట్టింది. "నువ్వే సెప్పు" అంది.

నేనూ ఉండలేక వచ్చేసినవాణ్ణేనని చెప్పాను. మాటలు వెనకా ముందూ అయిపోయాయి.

"ఎన్ని రోజులున్నావు నానా?" అని అడిగింది అమ్మాయి చివరికి.

"పదకొండు."

"నాకు ఇయ్యాలికి నలభై ఒకటి."

దాని గొంతులో కోపం లేదు, ఎగతాళీ లేదు. లెక్క చెప్పినట్టు చెప్పిందంతే.

"వచ్చీయమ్మా. ఎవులేటన్నా నాను సూసుకుంటాను" అన్నాను.

"ఆరోజు రమ్మనుంటే వచ్చీసుందును. ఇప్పుడు రాను. నువ్వు ఉండమన్నావని కాదు. కాలు బాగయ్యాక పరిగెట్టి సూత్తాను. అవ్వకపోతే నాకు నానే వచ్చీత్తాను, నిన్నడగను."

అలాగే చేసింది. తర్వాతి బ్యాచ్‌తో మొదటి నుంచీ మొదలుపెట్టి పూర్తిచేసింది. పరేడ్‌కి మేమిద్దరం వెళ్లాం. అంత దూరం నుంచి తెల్లటి బట్టల్లో పిల్లలంతా ఒకేలా ఉన్నారు. నా భార్య పోల్చుకుంది, నేను పోల్చుకోలేకపోయాను. అయిపోయాక అమ్మాయి వచ్చి వాళ్లమ్మని గట్టిగా పట్టుకుంది. నన్ను స్నేహితులకి చూపించి "మా నాన్న" అంది. అంతకంటే ఏమీ అనలేదు. ఆ మాట కూడా అనకపోయినా నేను ఏమీ అనుకునేవాణ్ణి కాదు.

తిరిగొచ్చిన వారం చర్చిలో పాస్టరు గారు నన్ను సాక్ష్యం చెప్పమన్నారు. మైకు పట్టుకుని పిల్ల కాలు విరిగినా దేవుడు నిలబెట్టాడని చెప్పాను. అసలు సంగతి కూడా చెబుదామనే లేచాను. స్టేషన్‌కి వచ్చినవాళ్లంతా ఎదురుగా కూర్చున్నారు. "స్తోత్రం" అని మైకు ఇచ్చేశాను.

బయటికొస్తుంటే ఒక పెద్దావిడ నా రెండు చేతులూ పట్టుకుని, "ఆడపిల్లకి అంత దైర్యం నువ్వు నూరిపోసుంటావు నాయినా" అంది. నా భార్య చెప్పులు వేసుకుంటూ వింది. తలెత్తలేదు. నేను ఆవిడకి దండం పెట్టి, బండి తీయడానికి వెళ్లాను.