వేయించిన కొర్రలు

యూనివర్సిటీ, వ్యవసాయ శాఖ, మా ఊరి బడి కలిసి ఏదో కార్యక్రమం మొదలుపెట్టాయని, ఇంట్లోని పాత విత్తనం గుప్పెడు తెమ్మన్నారని మనవరాలు చెప్పింది. ముగ్గురు పెద్దలు కలిసి మన విత్తనం అడిగారంటే, రేపు దాన్ని మనకే అమ్ముతారని నా అనుమానం. అందుకే కొర్రలు మొలవకుండా పెనం మీద వేయించి పంపాను. పాపకు చెప్పలేదు.

కొన్నాళ్లకు జమ్మలమడుగు నుంచి ప్రొద్దుటూరు పోయే బస్సులో నా పక్కన ఒకాయన కూర్చున్నాడు. ఒళ్లో పొట్లాలున్నాయి.

"ఏంది నాయనా అవి?"

"బళ్లల్లో పిల్లోళ్లు తెచ్చిన ఇత్తనాలవ్వా. యూనివర్సిటీకి తీసకపోతాండా."

"మళ్లా మాకే అమ్మేదానికా?"

ఆయన నవ్వలేదు. "ఆ మాట నేనూ మా పెద్దసార్లను అడిగినా. ఇంగా జవాబు రాలేదు."

ఆయనే మళ్లీ అన్నాడు. "కొన్ని గింజలు బళ్లోనే కుండీల్లో ఏసి చూసినాం. ఒక పాప కొర్రలు మాత్రం మొలవల్యా. కుండీ తీసేస్తామంటే ఒప్పుకోదు. దినామూ పొద్దున్నే నీళ్లు పోస్తాంది."

ఏ ఊరని అడిగితే మా ఊరే చెప్పాడు.

"వేయించినారేమో," అన్నాను, కిటికీలోంచి బయటికి చూస్తూ.

ఆయన నా మొహం చూశాడు. "మా అవ్వయితే ఉడకబెట్టే పంపేది," అన్నాడు. నా పేరు అడగలేదు.

మరునాడు పాప చేతిలో మంచి కొర్రలు పోశాను.

"ముందరివి ఎందుకు మొలవలేదవ్వా?" అంది.

చెప్పాను. పాప ఒక గింజ నోట్లో వేసుకుని, కొరికి చూసి, అప్పుడు గుప్పిట మూసింది.