తాతకు పట్టుకెళ్లిన చుట్ట

ఈడెన్ తోటలో చెక్కతో కట్టిన బర్మా గోపురం ఒకటుంది. అది ఓడలో బర్మా నుంచే వచ్చిందని కాలేజీలో విని, ఇంటికొచ్చి అమ్మ దగ్గర నా తెలివి ఒలకబోశాను. చేపలు కడుగుతున్న అమ్మ చేతులు ఆగిపోయాయి.

"ఏటీ, రంగం నుంచా?"

బర్మాలోని రంగూన్‌ని మావాళ్లు రంగం అనేవారు. అమ్మ చంటిపిల్లగా ఉండగానే తాత శ్రీకాకుళం వైపు నుంచి అక్కడి రేవు పనికి వెళ్లాడు. మళ్లీ రాలేదు. పోయాడన్న కబురూ లేదు. కబురు రానివాడికి కర్మ చేయరని మా అమ్మమ్మ చివరిదాకా బొట్టు తీయలేదు. అమ్మ ఏ ఏడూ తండ్రి పేరున ఒక మెతుకు పెట్టుకోలేదు.

"నన్నో పాలి అక్కడికి తీసుకెల్లవే," అంది.

ఆదివారం, మేముండే మెటియాబ్రుజ్‌లో బస్సెక్కాం. హేస్టింగ్స్ దగ్గర ఎర్రజెండాల ఊరేగింపు అడ్డొచ్చింది. బస్సు ఇప్పట్లో కదలదని తెలిసి, దిగి గంగ ఒడ్డు వెంట నడిచాం. ఎండ మాడ్చేస్తోంది. నేను దారి పొడవునా సణుగుతూనే ఉన్నాను. అమ్మ మాత్రం సంచి గుండెకు ఆనించుకుని, పెళ్లికి ఆలస్యమవుతున్నట్టు నడిచింది.

గోపురం ముందు చెప్పులు విప్పింది. సంచిలోంచి అరిటాకు ముక్క, గుప్పెడు అన్నం, ఒక చుట్ట తీసింది.

"బువ్వ తినగానే మాయయ్యకి సుట్ట ఉండాలని మాయమ్మ సెప్పీది. ఇది ఆ దేశం కర్రే గదా. ఇక్కడెడితే అందుతాదేమో."

అంతలో తోట కాపలాదారు బెంగాలీలో అరిచాడు: "మాషీ, ఇక్కడేం పెట్టకూడదు! తీసెయ్యండి!"

పక్క బెంచీ మీద మా కాలేజీ అమ్మాయిలు ఇద్దరున్నారు. నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. అమ్మకు బెంగాలీ అంతంతమాత్రం, నాకు మంచినీళ్లప్రాయం. నేనొక్క మాట అడిగితే అతను ఒప్పుకునేవాడేమో. అడగలేదు. "లే అమ్మా, పరువు తీస్తున్నావు," అని నేనే వంగి, ఆకు చుట్టేసి, చుట్టతో సహా చెత్తడబ్బాలో పడేశాను.

అమ్మ తిట్టలేదు. చెప్పులు వేసుకుంటూ, "పోన్లే. ఇంకా బతికే ఉన్నాడనుకుంతాను," అంది.

ఆ తర్వాత తను ఎప్పుడూ తోట మాట ఎత్తలేదు. నాకు సిగ్గు. రేపూ మాపూ అనుకుంటూ ఏళ్లు గడిపేశాను. తిట్టి ఉంటే ఆ మర్నాడే తీసుకెళ్లేదాన్నేమో.

అమ్మ పోయిన మరుసటి ఏడు, ఒక ఆదివారం ఒక్కదాన్నే వెళ్లాను. బస్సు ఎక్కడా ఆగలేదు. కాపలాదారు వేరే మనిషి. మా తాత బర్మాలో పోయాడు, ఐదు నిమిషాలు చాలని అడిగాను.

"చేసుకోండి దిదీ. వెళ్లేటప్పుడు శుభ్రం చేసి వెళ్లండి," అన్నాడు.

ఇంతేనా అనిపించి ఏడుపొచ్చింది. ఆకు పరిచి అన్నం పెట్టాను. పక్కన చుట్ట ఉంచాను. పేరు పెట్టి పిలిచి ఇవ్వాలి కదా, నోరు తెరిచాను.

మా తాత పేరేమిటో నాకు తెలియదు. అమ్మను ఎప్పుడూ అడగలేదు.