మూడు ముడులు, ఐదు ముడులు

మా కాలేజీ వృక్షశాస్త్రం ల్యాబు అటెండరు మొన్న నల్గొండ దవాఖానాలో పోయాడు. ఆ రోజు కూడా గంటలన్నీ వేళకే మోగాయి. సంతాప సభ లెక్చరర్లకేనట, అటెండర్లకు ఆనవాయితీ లేదట! ఎవరు పెట్టారయ్యా ఆ ఆనవాయితీ అని అడిగితే ప్రిన్సిపాల్ ఫ్యాను వైపు చూశాడు.

గొర్రెలు కాసే ఇంట్లో పుట్టిన మనిషి. అక్షరం రాదు. ఆయన తుడిచే గాజు బీరువాలో, హిమాలయాల నుంచి పార్సిల్లో వచ్చిన రెండు రకాల పైన్ చెట్ల కొమ్మలుండేవి, కాయలతో సహా. నాకు రెండూ ఒక్కటే.

"గొర్లు గూడ మీకన్ని ఒక్కతీర్గనే కనవడ్తయ్ సారూ. నాకు దేని మొకం దానిదే" అని నవ్వేవాడు. చీర్ పైన్‌కు సూదుల్లాంటి ఆకులు మూడేసి గుత్తిగా ఉంటాయి, కాయ బొద్దుగా ఉంటుంది. నీలి పైన్‌కు ఐదేసి ఆకులు, కాయ సన్నగా పొడుగ్గా ఉంటుంది. ఏటేటా తలుపు దగ్గర నిలబడి ఆయన విన్న పాఠమది.

ఒక ఏడు పాత చీటీలు ఊడిపోతే లెక్చరరు కొత్తవి తారుమారుగా అంటించాడు. మా అటెండరు క్లాసులోనే అన్నాడు: "సార్, నోటితోని మూడంటున్నరు, చేతితోని ఐదు సూపిస్తున్నరు."

పిల్లలు గొల్లుమన్నారు.

"చీపురు పట్టేవాడివి, నాకు పాఠం చెప్తావా? నడువ్ బయటికి!"

పక్క గదిలో తెలుగు చెబుతున్న నాకు అంతా వినిపించింది. సాయంత్రం లైబ్రరీలో పుస్తకం తీసి, బీరువాలోని కొమ్మలతో పోల్చి చూశాను. ఆయన మాటే నిజం.

"పిల్లగాండ్లు పరీక్షల తప్పు రాస్తరు. మీరన్న జెప్పుండ్రి సారూ" అని మూడుసార్లు బతిమాలాడు. నాది అప్పటికి టెంపరరీ ఉద్యోగం. దొరల మీద పత్రికల్లో నిప్పులు కురిపించిన నేను, రెండు చీటీల కోసం నోరు విప్పలేదు.

ఆయనే దారి వెతుక్కున్నాడు. నల్ల ఉన్ని దారం తెచ్చి మూడేసి ఆకుల కొమ్మకు మూడు ముడులు, ఐదేసి ఆకుల కొమ్మకు ఐదు ముడులు వేశాడు.

"తాతా, గిది ఏందే?" అని పిల్లలడిగితే, "దారం సూడు బిడ్డా, చీటి సూడకు" అనేవాడు.

దవాఖానాలో ఆఖరుసారి చెయ్యి పట్టుకుని అడిగాడు. "చీట్లు మార్చిన్రా సారూ?"

"మార్చిన్రు" అన్నాను.

మట్టి చేసి వచ్చాక లెక్చరరు దగ్గరికి పోయి అరిచాను. "పోయినోడి కోసం ఇప్పుడు బీరువా తెరవాలా?" అన్నాడు. తాళంచెవి ఇవ్వలేదు.

తుడిచేవాళ్ళు లేక అద్దం మీద దుమ్ము పట్టింది. చొక్కా చేతితో తుడిచాను. లోపల తప్పుడు చీటీలు అలాగే ఉన్నాయి. వాటి పక్కన నల్ల దారాలు. మూడు ముడులు, ఐదు ముడులు.