బావ కట్టిన తీగల జడ

మా అక్కను తిరుత్తణిలో ఇచ్చారు. బావ అక్కడ కండెలు చుట్టే షెడ్డు నడిపేవాడు. చుట్టుపక్కల పవర్‌లూముల వాళ్ళు నూలు చిలపలు తెచ్చి పడేస్తే, వాటిని విప్పి కండెలకు చుట్టి ఇవ్వడం వాళ్ళ పని. షెడ్డు బావదే అయినా యంత్రం మాత్రం అక్కదే. స్విచ్చి వేయగానే మోటారు ఒక్కసారిగా ఎగిరి లేచేది. ఆ కుదుపుకు ఏడెనిమిది పోగులు పటపటా తెగేవి. అక్క ఆ చివరి నుంచి ఈ చివరికి పరుగెత్తుతూ ముడులు వేసేది. ముడులన్నీ వేసి ఊపిరి పీల్చుకునేలోపు మరో చిలప అయిపోయేది, యంత్రం ఆపాలి, మళ్ళీ స్విచ్చి, మళ్ళీ కుదుపు.

నేను చూడటానికి పోయిన ఒక ఆదివారం ఆమె చూపుడువేలికి గుడ్డ చుట్టుకుని ఉంది. పోగు కోసిందని చెప్పి, అదేం కొత్త కాదన్నట్టు నాకు కాఫీ కలపడానికి లేచింది. ఆ మోటారును మెల్లగా లేపే పరికరం నేను చేసిస్తానని ఆ కాఫీ తాగుతూనే మాటిచ్చేశాను.

ఎనభైల మొదటి రోజులవి. నేను పట్టాభిరామ్‌లో బ్యాటరీ చార్జర్లు తయారుచేసే ఒక చిన్న ఫ్యాక్టరీలో టెస్టింగ్ పని చేసేదాన్ని. బోర్డు నా బల్ల మీదికి వస్తే ఆసిలోస్కోపుకు తగిలించి, తెర మీద గీత ఎలా ఉండాలో అలా ఉందా లేదా అని చూసి పంపేదాన్ని. ఆ గీతలు చూడటం నాకు ఎప్పుడూ విసుగు పుట్టలేదు. ఇల్లు మణవాళనగర్‌లో. మా ఆయనా నేనూ తిరువళ్ళూరులో ఒకే రైలు ఎక్కేవాళ్ళం. నేను పట్టాభిరామ్‌లో దిగితే ఆయన మద్రాసుదాకా పోయేవాడు. ఇంట్లో మాతో మా మామ, అంటే మా ఆయన నాన్న, ఉండేవాడు. కవరైపేట్టై పక్కనున్న పొలం తమ్ముడికి అప్పగించి వచ్చిన మనిషి. చేతికి పని లేక రోజంతా ఏదో ఒకటి బాగుచేస్తూ ఉండేవాడు. నేను వసారాలో సాల్డరింగు పెట్టుకుని కూర్చుంటే పీట వేసుకుని పక్కనే కూర్చునేవాడు.

ఆ పరికరంలో అసలు పని చేసేది థైరిస్టరు. అదేమిటని మామ అడిగితే మడవ లాంటిదన్నాను. మడవ తీస్తే నీళ్ళు పారినట్టు అది తెరుచుకుంటే కరెంటు పారుతుంది. ఎప్పుడు తెరవాలో చెప్పడానికి దానికి గేటు అని ఒక సన్న కాలు ఉంటుంది. ఆ కాలికి సెకనుకు ఇన్నిసార్లు, సరిగ్గా ఫలానా క్షణంలో, చిన్న తట్టు తట్టే బోర్డునే గేటు డ్రైవర్ అంటారు. తట్టు ఆలస్యమైతే మోటారు నిదానం, ముందే పడితే వేగం. మామకు వెంటనే అర్థమైంది. తట్టేవాడికి మతి తప్పితే చేనంతా మునిగిపోతుంది గదా అన్నాడు. అంతే మామా అన్నాను.

రెండు నెలలు పట్టింది. షెడ్డులోని పాత మోటారు దీనికి పనికిరాదంటే, బావ మద్రాసులో పాత సామాను అమ్మేచోట ఒక డీసీ మోటారు వెతికి తెచ్చాడు. దాన్ని రుబ్బురోలుకు తాళ్ళతో కట్టి నడిపి చూశాం. వసారా నిండా తీగలు. ఏ తీగ ఎక్కడికి పోతుందో నాకు తప్ప ఎవరికీ తెలియదు. కానీ గుండ్రటి పిడి తిప్పుతుంటే మోటారు నిద్రలేచే పిల్లలా ఒళ్ళు విరుచుకుని మెల్లగా తిరగడం మొదలుపెట్టింది. మామ ఇరుగుపొరుగును పిలుచుకొచ్చి చూపించాడు. మరుసటి వారం బావ వచ్చి మోటారూ, బోర్డు బిగించిన పెట్టే, ఏ తీగ ఎక్కడ కలపాలో నేను గీసిచ్చిన కాగితమూ అన్నీ తీసుకుపోయి తానే షెడ్డులో బిగించుకున్నాడు.

పదిరోజులు తిరక్కుండానే మళ్ళీ వచ్చాడు. మెట్ల మీద కూర్చుని తుండుగుడ్డతో మెడ తుడుచుకున్నాడు.

“బాగానే లేస్తా ఉండాది మరదలా,” అన్నాడు. “లేచినాక ఉండుండి ఎగురుతాది. పాత మోటారు స్విచ్చి వేసినప్పుడే ఎగిరేది. ఇది ఎప్పుడెగురుతాదో మీ అక్కకే తెలీదు.”

నా మొహం ఎలా మారిందో గాని, అక్క ఏమీ అనలేదని ఆయనే మళ్ళీ సర్దిచెప్పాడు. అది ఇంకా బాధ అనిపించింది. ముడులు తగ్గుతాయని ఇచ్చి ముడులు పెంచాను.

స్కోపు లేకుండా ఆ రోగం దొరకదు. శనివారం ధైర్యం చేసి మా మొదలాళిని అడిగాను. ఆయన యజమాని అన్నమాటే గాని మాతోపాటే బల్ల దగ్గర కూర్చుని పని చేసేవాడు. సోమవారం పొద్దున తన బల్ల మీద ఉండాలని, ఇంకెవరి చేతా ముట్టించకూడదని చెప్పి ఇచ్చాడు. అట్టపెట్టెలో పాత చీర పరిచి, దాంట్లో పెట్టుకుని ఇంటికి తెచ్చాను.

ఆదివారం పొద్దున నేనూ మామా తిరుపతి పోయే పాసింజరు ఎక్కాం. స్కోపును మామ ఒళ్ళో పెట్టుకున్నాడు. కింద పెట్టమన్నా పెట్టలేదు. ఎదుటి సీటాయన తమిళంలో టీవీయా అని అడిగితే, టీవీయే గాని ఇందులో ఒక్క గీతే వస్తుందని మామ బదులు చెప్పాడు. ఆయన నమ్మినట్టే తల ఊపాడు.

షెడ్డులోకి పోయి చూస్తే నా పెట్టె గోడకు ఎంత ముద్దుగా బిగించి ఉందో చెప్పలేను. మా వసారాలో పేగుల్లా పడి ఉన్న తీగలన్నిటినీ బావ ఒక్క కట్టగా చేర్చి, జానెడుకొక ముడి చొప్పున మైనం పట్టించిన నూలుదారంతో బిగించి, పెట్టె నుంచి మోటారూ, దాని పక్కన బిగించిన థైరిస్టర్లూ ఉన్నచోటుదాకా జడలా దింపాడు. అంత పొందికైన పని మా ఫ్యాక్టరీలో కూడా చూడలేదు. ఆ మాటే అన్నాను. బావ సంతోషపడ్డాడు.

తర్వాత నేను చేసిన పని ఇప్పటికీ ఎవరికైనా చెప్పాలంటే సిగ్గు. స్కోపు తీగల చివరి కొక్కేలలో ఒకటి భూమికి కలిసి ఉంటుంది. ఫ్యాక్టరీలో మధ్యన ఒక ట్రాన్స్‌ఫార్మర్ అడ్డం ఉంటుంది గనుక దాన్ని ఎక్కడ తగిలించినా భయం లేదు. షెడ్డులో అది లేదు. థైరిస్టరు కాళ్ళలో నేరుగా మెయిన్సు కరెంటే ఉంది. అన్నీ తెలిసినదాన్నే, తొందరలో కొక్కేన్ని తీసుకెళ్ళి అక్కడే తగిలించాను. టప్పుమంది. నీలం మంట ఒకటి కళ్ళముందు వెలిగి ఆరింది. ఫ్యూజు పోయి షెడ్డంతా నిశ్శబ్దమైంది. కొక్కెం మూతి కరిగి నల్లబడింది. నా వేళ్ళు దానికి అంగుళం దూరంలో ఉన్నాయి.

అక్క నా రెండు చేతులూ పట్టుకుని తిప్పి తిప్పి చూసింది. మామ చెంబుతో నీళ్ళు ఇచ్చి, కూర్చోమని పీట జరిపాడు. తొందరేమీ లేదని, బండి సాయంత్రానికి గదా అని అన్నాడు. బావ ఫ్యూజుతీగ మార్చాడు. స్కోపు వేసి చూస్తే గీత మామూలుగానే వచ్చింది. అప్పుడు నాకు ఏడుపొచ్చింది.

ముట్టుకోకుండా చూడాలి. కాసేపు కూర్చున్నాక ఒక ఉపాయం తట్టింది. నా సంచిలో మిగిలిపోయిన ఫెర్రైటు ఉంగరాలు ఉన్నాయి, వేలికి పెట్టుకునే ఉంగరమంతవి. ఆ ఉంగరానికి సన్న రాగితీగ చుట్టి, మధ్యలోంచి గేటు తీగను పోనిస్తే, గేటులో పోయే ప్రతి తట్టూ ఆ చుట్టులో నీడలా కనబడుతుంది. స్కోపును ఆ చుట్టుకే తగిలిస్తాం, మెయిన్సు జోలికే పోదు. అయితే నేను వేసిన మొదటి రెండు చుట్లే ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. అక్క ఉంగరాన్నీ తీగనూ నా చేతిలోంచి తీసుకుంది. ఎన్ని చుట్లని అడిగింది. ముప్పై అన్నాను. వెంట్రుకంత తీగను ఉంగరంలోంచి లోపలికీ బయటికీ దూరుస్తూ, ఒక చుట్టు పక్కన ఇంకో చుట్టు ఒరుసుకునేట్టు, ముప్పై చుట్టింది. ఎక్కడా ఒకదాని మీద ఒకటి ఎక్కలేదు.

దాన్ని పెట్టి, మోటారు తీగలు విప్పేసి, ముందు ఖాళీగా చూశాను. తెర మీద ఆ తట్లు, మేం పల్సులంటాం, వరినాట్ల వరసలా సమంగా నిలబడ్డాయి. బోర్డు తప్పేమీ లేదు. మోటారు తగిలించి తిప్పమన్నాను. మోటారు వేగం అందుకునేకొద్దీ పల్సుకూ పల్సుకూ మధ్య సన్నటి ముళ్ళు మొలవసాగాయి. కొన్ని చిన్నవి, కొన్ని పెద్దవి. ఒక ముల్లు పల్సంత ఎత్తు లేచిన క్షణంలోనే మోటారు ఎగిరింది, మూడు పోగులు తెగాయి. నేను తట్టమనకుండానే ఎవరో గేటు తడుతున్నారు.

మామ తెరకు దగ్గరగా వంగి చాలాసేపు చూశాడు.

“మనింట్లో ఇట్ల ఎగరలేదు గదమ్మా,” అన్నాడు. “అదే మోటారు, అదే పెట్టె. ఆడ లేనిది ఈడ ఏముండాది?”

నేను కరెంటు వేరన్నాను, బరువు వేరన్నాను. నా మాట నాకే నచ్చలేదు. తెగిన పోగులు ముడేస్తున్న అక్క తల ఎత్తకుండానే అంది:

“ఈయప్ప కట్టిన జడ ఉండాది గదా. ఆడ అది యాడుండె?”

ఆ మాటతో నాకు అంతా తెలిసిపోయింది. మోటారు లోపల బొగ్గుముక్కలు రాసుకుని నిప్పురవ్వలు వస్తుంటాయి. ఆ అలజడి మోటారు తీగల్లో పరుగెడుతుంది. గేటుకు పోయే సన్నతీగలను వాటి పక్కనే ఆరడుగుల పొడవున వేసి, గాలి దూరకుండా బిగిస్తే, అదంతా వీటిలోకి పాకుతుంది. మా వసారాలో చెల్లాచెదురుగా పడి ఉండటమే వాటిని కాపాడింది. తప్పు నాది. ఏ తీగను దేనికి దూరంగా ఉంచాలో బావకు చెప్పి పంపలేదు. కానీ ఆ కట్టు విప్పమని ఆయనకు ఎలా చెప్పాలి? బావ నా మొహం చూసి, కట్టునూ చూసి, గూట్లోంచి పోగులు కోసే బ్లేడు తీశాడు.

“ఏ పక్కనుంచి కోయాలో చెప్పు,” అన్నాడు.

కరెంటు ఆపి, పెట్టె దగ్గరి ముడులు మూడు కోసి, గేటు తీగలను పక్కకు లాగి మళ్ళీ నడిపాం. ముళ్ళు సగానికి దిగాయి. మళ్ళీ ఆపి ఇంకో మూడు. అలా ఐదుసార్లు. ప్రతిసారీ బావ వచ్చి స్కోపు ముందు నిలబడి చూసేవాడు. రెండోసారి నుంచి ఆయన మొహంలో నొచ్చుకోవడం పోయి, ఎంత దిగుతాయో చూద్దామన్న ఆత్రం వచ్చింది. చివరికి గడ్డిపరకలంత మిగిలాయి. ఒక్కో గేటు తీగనూ దాని జంట తీగతో కలిపి అక్క పురి పెట్టింది. నేను గేటు కాళ్ళ దగ్గర, మిగిలిన అలజడిని మింగే చిన్న కెపాసిటర్లు రెండు సాల్డరింగు చేశాను. పరకలు కూడా నేలలో కలిసిపోయాయి.

అక్క పిడి తిప్పింది. కండెలు ఒక్కొక్కటే కదిలి, వేగం అందుకుని, ఒకే శబ్దంలో కలిశాయి. మేం నలుగురం పోగుల మీదే చూపు పెట్టి నిలబడ్డాం. చిలపలు అయిపోయేదాకా ఒక్క పోగూ తెగలేదు. అక్కకు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నడుం మీద పెట్టుకుంది. తర్వాత కొత్త చిలపలు వేసి, యంత్రాన్ని నడుస్తుండగానే వదిలి వంటింట్లోకి పోయి, మా అందరికీ చింతచిగురు పప్పూ అన్నం వడ్డించింది. యంత్రం నడుస్తుండగా ఆమె కూర్చుని తినడం నేను చూడటం అదే మొదటిసారి. మధ్యలో రెండుసార్లు చెవి అటు పెట్టి విని, మళ్ళీ ముద్ద కలుపుకుంది.

సోమవారం స్కోపు అప్పగిస్తూ నల్లబడిన కొక్కెం చూపించి జరిగింది చెప్పాను. మొదలాళి కోప్పడతాడనుకున్నాను. ఆయన ఉంగరం సంగతి రెండుసార్లు అడిగి చెప్పించుకుని, అలాంటిదొకటి ఫ్యాక్టరీకి కూడా చేసిపెట్టమన్నాడు. దాన్ని కూడా అక్కతోనే చుట్టించాను.

ఆ తర్వాత నేను పోయేసరికి బావ తీగలను రెండు జడలుగా కట్టి, ఒకటి గోడమీదుగా, ఒకటి నేలమీదుగా నడిపించాడు. మైనం దారం, అవే జానెడు ముడులు. చూసిన పక్కషెడ్డాయన తనకూ అలాంటి పెట్టె కావాలన్నాడు. ఆయనకు చేసినప్పుడు తీగల పని మొత్తం బావే చేశాడు. ఏది దేనికి ఎంత దూరంలో ఉండాలో నన్ను ఒక్క మాట కూడా అడగలేదు. మామ మాత్రం ఆ పెట్టె పూర్తయ్యేదాకా వసారాలో నా పక్కనే పీట వేసుకుని కూర్చున్నాడు.