తలుపేసి పొమ్మన్న పాట

మా పక్కింటి ఆంటీ పోయారు. ఆసుపత్రి నుంచి ఫోన్ నాకే వచ్చింది, దగ్గరివాళ్ళు అనే చోట ఆవిడ నా నంబరే ఇచ్చారు. స్పెయిన్‌లో ఉన్న ఆవిడ తమ్ముడికి కబురు చేసింది కూడా నేనే. చేయకపోతే బాగుండేదని ఇప్పుడనిపిస్తోంది.

ఐర్లండ్‌లో, ఈ డ్రోహెడా ఊళ్ళో ఆవిడా నేనూ ఒకే నర్సింగ్ హోమ్‌లో ముసలివాళ్ళకి నీళ్ళు పోసేవాళ్ళం. అంతకుముందు ఆవిడ గాయని. పడుచు వయసులో పాడిన ఒక్క పాట వాళ్ళ దేశం స్పెయిన్ అంతా మోగిందట. మేం ఈ ఇంట్లో దిగిన రోజు, ఆవిడ సంతోషిస్తారని మావారు ఆ పాట ఫోన్‌లో వెతికి పెట్టారు. ఒకవైపు పాలు పొంగుతున్నాయి. ఆంటీ నవ్వాపుకోలేక కూలబడ్డారు.

"ఇల్లు విడిచి పొమ్మనే పాట గృహప్రవేశానికి పెట్టింది మీరొక్కరే" అన్నారు.

అప్పుడే అర్థం చెప్పారు. అది వెళ్ళొద్దని బతిమాలే పాట కాదు. వదిలిపోయేవాడు గుమ్మంలో నిలబడి నసుగుతుంటాడు. పోతే పో, తలుపేసి పో, చలి కొడుతోంది అంటుంది ఆమె. ఆవిడ దాన్ని చప్పట్లతో, దురుసుగా పాడుకున్నారు. రికార్డు కంపెనీవాళ్ళు నిదానం చేయించి, వయొలిన్లు కలిపి, అట్ట మీద ఆవిడ కన్నీళ్ళ ఫొటో వేశారు. జనం ఏడ్చారు. ఏ ఊళ్ళో పాడినా ఏడవమనేవారు. ఒకసారి స్టేజీ మీద తన పద్ధతిలో పాడేస్తే, అక్కకి మతి బాగాలేదని పేపర్లకి చెప్పింది తమ్ముడే. కచేరీలు కుదిర్చేది అతనే. ఆ తర్వాత ఎవరూ పిలవలేదు.

"ఏడిస్తే చప్పట్లు కొడతారు, కోపమొస్తే జబ్బంటారు" అనేవారు ఆంటీ. డ్యూటీలో మొదటిసారి మాట పడి నేను ఏడుస్తున్నప్పుడు కూడా అదే చెప్పి, టీ కలిపిచ్చారు. ఆ టీకి నేనెప్పటికీ రుణపడి ఉంటాను.

చలంటే ఆవిడకి పడదు. మావారి పాత లుంగీ ముక్కలో బియ్యం పోసి కుట్టిన చుట్ట, చలిగాలి రాకుండా తలుపు కింద అడ్డం పెట్టుకునేవారు. మా అమ్మాయి తలుపు తీసి వదిలేసి "ఇట్స్ గ్రాండ్, ఆంటీ" అని ఇక్కడివాళ్ళలా ఫర్వాలేదంటే, "నీకు గ్రాండే, నా మోకాళ్ళనడుగు" అనేవారు.

"నేను పోయాక ఆ ఏడుపు రికార్డు మాత్రం పెట్టనివ్వకు" అని నాతో అన్నారు.

ఇక్కడ మనిషి పోతే శవపేటిక ఇంట్లోనే ఉంచి, వచ్చేపోయే వాళ్ళ కోసం వీధి తలుపు తీసే ఉంచుతారు. తమ్ముడు ఆంటీ ఇంటికి రాగానే ఆ చుట్టని కాలితో పక్కకి తోశాడు. శవపేటిక పక్కన అదే రికార్డు పెట్టాడు. అక్క చివరిదాకా అతని కోసమే ఎదురుచూసిందని, పరామర్శకొచ్చి టీ తాగుతున్న వాళ్ళకి చెప్పాడు. వాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు.

"ఆవిడ ఇది వద్దన్నారండీ" అన్నాను.

"మీకు మా భాష రాదు కదా" అన్నాడు ఇంగ్లీషులో, ఎంతో మర్యాదగా.

నా ఒళ్ళు మండిపోయింది. కాసేపటికి అతను సిగరెట్టుకని గడప దాటాడు. నేను లేచి పాట ఆపేశాను. తలుపేశాను. చుట్టని దాని చోట్లోకి జరిపాను.

"ఏంటే ఇది, ఆయన బయటున్నాడు" అన్నారు మావారు, సగం లేచి.

"తెలుసండీ. ఆవిడకి చలి పడదు."

బెల్లు మోగింది. తలుపు అద్దం వెనక అతని నీడ అటూ ఇటూ కదులుతూ, గుమ్మంలోనే నసుగుతోంది.