మైకు లేని శుక్రవారం

ఇంకాస్త ఇటు జరగండి, గుమ్మం దగ్గర ఎండ పడుతోంది. నా గొంతు సన్నం, దగ్గరగా కూర్చుంటేనే వినపడుతుంది.

మా ఊరి పక్క కాలేజీలో నేను గదులు తుడుస్తాను. నా చదువు మూడో తరగతితో సరి. మా ఆయన పోయాక ఇంటికెళితే పలకరించే దిక్కు లేదు. అందుకని పని అయిపోయినా అక్కడే కూర్చునేదాన్ని. చివరి గదిలో పరిశోధన చేసే మేడమ్ గారు ఒకరుండేవారు. ఆవిడదీ ఒంటి బతుకే. నన్ను పిన్నీ అని పిలిచేవారు.

ఆ గదిలో ఏం చేస్తారో ఒకరోజు అడిగితే ఓపిగ్గా చెప్పారు. బెలూన్లలో నింపే హీలియం గాలిని బాగా చల్లబరిస్తే నీళ్ళలా అవుతుందట. అంత చలి మంచుకొండల మీద కూడా ఉండదట. లేజరు వెలుగు ఒక జింకు రేకు మీద పడితే అందులోంచి ఎలక్ట్రాన్లు లేచి ఆ హీలియం మీద వాలతాయట. ఆ వెలుగు కంటికి కనపడదు, టక్ టక్ మనే చప్పుడే వినిపిస్తుంది.

"వాలి మునిగిపోవా అమ్మా?" అన్నాను.

"మునగవు పిన్నీ. పైకి ఎగిరిపోనూ లేవు. ఒకదాని దగ్గరకి ఒకటి రాదు. అన్నీ ఎడంగా అలా నిలబడే ఉంటాయి."

"మా పేటలో ముసలాళ్ళ లాగేనన్నమాట."

ఆవిడ నవ్వారు. ఆ గదిలో నవ్వు వినడం నాకదే మొదలు.

అవి నిలబడాలంటే హీలియం కదలకూడదు. కిటికీ పక్క రోడ్డు మీదేమో కోల్డ్ స్టోరేజీకి మిరపకాయ టిక్కీలు, అంటే పెద్ద బస్తాలు, వేసుకుని లారీలు పోతుంటాయి. లారీ వచ్చిందంటే నేల అదురుతుంది, పని చెడుతుంది. పట్నం నుంచి పెద్ద క్యానులో తెప్పించిన హీలియం అప్పటికే రెండుసార్లు వృథా అయింది. వాడినా వాడకపోయినా అది ఆవిరైపోతుంది. ఇదే ఆఖరు క్యాను, తర్వాత ఈ గది వేరేవాళ్ళకి ఇచ్చేస్తామని కాలేజీవాళ్ళు చెప్పేశారు.

మేడమ్ గారు ఆలోచించి గుడ్ ఫ్రైడే రోజు పెట్టుకున్నారు. కోల్డ్ స్టోరేజీ హమాలీలంతా మా చర్చివాళ్ళే. వాళ్ళు ఆ రోజు పనికి పోరు, లారీలు రావు. ఆవిడది రైతుల ఇల్లు, చర్చికి పోయేవాళ్ళు కాదు, ఆ శుక్రవారమంటే సెలవనే తెలుసు. గురువారం క్యాను దిగాక గానీ ఈ సంగతి నాతో చెప్పలేదు.

"లారీలు రావమ్మా. కానీ పన్నెండు నుంచి మూడింటిదాకా మాకు సిలువ మీద ప్రభువు పలికిన ఏడు మాటల ఆరాధన. చర్చి మీద మైకు ఈ కిటికీ వైపే ఉంది."

ఆవిడ స్టూలు మీద కూర్చుండిపోయారు. ఆ మోతకి కూడా హీలియం వణుకుతుందట. మర్నాడు మధ్యాహ్నానికి గానీ అన్నీ చల్లబడవు, సాయంత్రానికి హీలియం మిగలదు అన్నారు. నన్నేమీ అడగలేదు.

ఆ సాయంత్రం మా పాస్టరు అయ్యగారి దగ్గరికి వెళ్ళి, రేపొక్కరోజు మైకు ఆపమని అడిగాను. పక్కన సంఘ పెద్ద ఒకాయన కూర్చుని ఉన్నాడు. విషయం విని, "ఏమ్మే, నువ్వు దేవుడి మనిషివా, మేడమ్ మనిషివా?" అన్నాడు. మైకు లేకపోతే వెనక వరసలకు ఎట్టా వినపడుద్దని గట్టిగానే అడిగాడు.

"సిలువ మీద ఆయన మాట్లాడినప్పుడు మైకు లేదుగా," అన్నారు అయ్యగారు. "అందరినీ ముందుకొచ్చి కూర్చోమందాం."

మర్నాడు మేడమ్ గారి దగ్గర పనిచేసే అమ్మాయి సెలవని ఊరెళ్ళింది. ఆ గాలి గదిలో నిండితే ఊపిరాడదట, ఒక్కరే ఉండకూడదట. అందుకని నేను గుమ్మంలో కూర్చున్నాను. పుట్టి బుద్ధెరిగాక ఆ ఆరాధన తప్పడం అదే మొదటిసారి.

లారీ లేదు, మైకు లేదు. ఊరు ఊరంతా లేచి వెళ్ళిపోయినట్టుంది. మిరప ఘాటు మాత్రం గాలిలో ఉంది. ఇప్పుడు మొదటి మాట అయ్యుంటుంది, ఇప్పుడు రెండోది అనుకుంటూ కూర్చున్నాను. 'నా దేవా, నన్నెందుకు విడిచితివి' అనే నాలుగో మాటకి మా వాళ్ళందరూ కలిసి ఏడుస్తారు. నేను ఒక్కదాన్నే ఏడ్చాను.

"పిన్నీ, నిలబడ్డాయి."

లోపలికెళ్ళి చూస్తే తెర మీద ఒక గీత, మధ్యలో చిన్న పల్లం. అవి నిలబడ్డాయనడానికి అదే గుర్తట. గీత వణకడం లేదు. అంతే. మేడమ్ గారు ఫోను తీసి, పేర్లు పైకీ కిందికీ జరిపి, బల్ల మీద పెట్టేశారు.

"ఎవరికి చెప్పినా మొదట్నుంచీ చెప్పుకురావాలి," అన్నారు.

"నాకు చెప్పండి. మొదట్నుంచీ నాకు తెలుసుగా."

క్యాను ఖాళీ అయ్యేదాకా చెప్పారు. నాకు తెలిసింది తక్కువ. అయినా మధ్యమధ్యలో "ఊఁ, అయితే?" అంటూనే ఉన్నాను. చెప్పేవాళ్ళకి అది కావాలి.

వేసవి సెలవుల్లో ఆవిడ వేరే ఊరు వెళ్ళిపోయారు. ఆ గదిలో ఇప్పుడు కంప్యూటర్లు పెట్టారు. తుడుస్తాను గానీ కూర్చోను.

ఇంతసేపూ విన్నారు, చల్లగా ఉండండి. మీ ఇంట్లో ఎవరు మంచి కబురు మోసుకొచ్చినా, గుమ్మంలోనే ఎదురొచ్చి "అయితే?" అని అడిగే మనిషి కరువు కాకుండు గాక.